పాతాళ హంసల మేనమామ

స్వర్ణశృంగ రాజ్యాన్ని ఏలుతున్న మహోద్దండవర్మకు పేరులో ఉన్న ఉద్దండం ఒంట్లో మచ్చుకైనా లేదు. పిల్లి తుమ్మితే పక్కమీద లేచి కూర్చునే రకం. అలాంటివాడికి దేవుడు ఎంత కోటనిచ్చాడో చూడండి. నల్లమట్టి కొండ నెత్తిన ఏడంతస్తుల బురుజులు, బురుజుకో బంగారు కలశం, కలశం మీద పగడాలు కుట్టిన పతాకం. పొద్దుటి ఎండ పడితే కొండ కొండంతా కుంకుమపువ్వు కలిపిన పాలలా మెరుస్తుంది. సభామంటపానికి చంద్రకాంత శిలల నేల. స్తంభాలకు ముత్యాల లతలు చుట్టి, ఆ లతల మీద మరకతపు చిలకలను కూర్చోబెట్టారు. ఆ చిలకలకున్న బుద్ధి కింద కూర్చున్న సభికులకు ఉండి ఉంటే ఈ అధ్యాయం చెప్పే పని నాకు తప్పేది.

ఆ రోజు మధ్యాహ్నం ఆ కోట సింహద్వారం ముందు ఒక వింత మనిషి గుర్రం దిగాడు. తలకు ఒంటెబొచ్చు పాగా, మొహాన పసుపూ నలుపూ చారలు, మెడలో గవ్వల దండ, చంకలో మడతపెట్టిన కోరాబట్ట. ఎవరు నువ్వని ద్వారపాలకుడు అడిగితే, తాను మరుద్వీపం నుంచి వస్తున్నాననీ, మొన్న చచ్చిపోయిన పాతాళ హంసకు మేనమామననీ తొణక్కుండా చెప్పాడు. మరో రాజ్యంలో అయితే వాణ్ణి పిచ్చివాళ్ళ సత్రానికి పంపేవాళ్ళు. స్వర్ణశృంగంలో ద్వారపాలకుడు నడుం వంచి దండం పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, ఎంత కష్టం వచ్చింది బాబూ అని కళ్ళొత్తుకున్నాడు.

ఎందుకొత్తుకున్నాడో తెలియాలంటే ఆ రాజ్యపు తెలివితేటల గురించి కాస్త చెప్పుకోక తప్పదు. నాకేం సరదా కాదు, అయినా వినండి.

కొన్నేళ్ళ కిందట కంకాళుడనే మాంత్రికుడు సముద్రం అవతలి ఇసుకదేశమైన మరుద్వీపం నుంచి ఓడ నిండా పంజరాలు తెచ్చి రాజుగారికి కానుక పెట్టాడు. పంజరాల్లో కొన్ని జంతువులున్నాయి. పందిపిల్లంత ఒళ్ళు, వీపంతా పెంకుల కవచం, గరిటెలాంటి ముక్కు, ఉండీ లేనట్టున్న కళ్ళు, ముందు కాళ్ళకు గునపాల్లాంటి గోళ్ళు. తవ్వడం తప్ప మరో ధ్యాస లేదు పాపం వాటికి. పుట్టిన దేశంలో ఎంత తవ్వినా పరవాలేదు, ఇసుక గనక వెనకాలే పూడిపోతుంది. ఇక్కడి గట్టిమట్టిలో తవ్విన కంత తవ్వినట్టే ఉండిపోతుంది. ఆ మాట ఒక్కడికీ తట్టలేదు. ఆ జంతువులను నేనేమీ అనను. తప్పంతా రెండు కాళ్ళవాళ్ళది.

వాటిని చూడగానే వాచస్పతి అనే ప్రధానమంత్రి చేతులెత్తి, ఇవి సామాన్య ప్రాణులు కావు, పాతాళ హంసలు అన్నాడు. హంసకూ వీటికీ ఎక్కడ పోలిక కుదిరిందో ఆ మహానుభావుడే చెప్పాలి. రాజుగారు మాత్రం పొంగిపోయి, కంకాళుణ్ణి అక్కడికక్కడే రాజగురువును చేసి, తమ స్వహస్తాలతో ఒక్కొక్క జంతువు మెడలో వెండిగంట కట్టారు. కొంప మునిగింది అక్కడే. రాజు తన చేత్తో గంట కట్టిన ప్రాణి ఏదైనా సరే, ఆ రాజ్యంలో రాజబంధువు కిందే లెక్క. ముత్తాతల నాటి ఆచారం. ముత్తాతలు ఆ గంటలు యుద్ధంలో పేగులు జారినా వెనక్కి తిరగని గుర్రాలకు కట్టారట. మునిమనవడు పెంకుపందులకు కట్టాడు.

వారం తిరక్కుండానే అవి మృగశాల గోడ కిందనుంచి తవ్వుకుని అడవిలోకి చక్కాపోయాయి. కావలివాడు పరుగున వచ్చి తప్పించుకుపోయాయని చెప్పాడు. సభికులు చెవులు మూసుకున్నారు. రాజబంధువు రాజుగారి ఇంట్లోంచి తప్పించుకుపోవడం ఏమిటి? అంటే మర్యాదలు సరిగ్గా జరగలేదనేగా అర్థం? రాజుగారి మొహం మాడిపోతుంటే వాచస్పతి లేచి, అవి తప్పించుకోలేదు, విహారయాత్రకు బయలుదేరాయి అన్నాడు. రాజుగారి మొహం విచ్చుకుంది. సాయంత్రానికల్లా ఊరూరా చాటింపు వేశారు. రాజబంధువుల విహారానికి ఎవరూ అడ్డు తగలకూడదు. కంత కనిపించిన చోటల్లా మామిడాకుల తోరణం కట్టి, చెరకు ముక్కలూ నువ్వుండలూ పెట్టి, మద్దెల వాయించి స్వాగతం చెప్పాలి.

ఇంకేం కావాలి! తిన్నాయి, బలిశాయి, ఈనాయి. చూస్తుండగానే అడవిలో కుందేళ్ళు బొరియలు ఖాళీ చేసి పారిపోయాయి. చెరకుతోటలు వేళ్ళతో సహా కూలబడ్డాయి. బాటల్లో బండ్లు ఇరుసుదాకా దిగబడ్డాయి. కాలవ గట్లు జల్లెడలై నీళ్ళు కారిపోయాయి. అడవిలో పుట్టిన పిల్లలకు గంటలు లేవు గదా, వాటినైనా తరుముకోవచ్చా అని రైతులు మొరపెట్టుకుంటే, బంధువుల పిల్లలు బంధువులు కారా అని వాచస్పతి ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నకు సభలో చప్పట్లు కూడా కొట్టారు. చివరికవి కోట కొండనే తొలవడం మొదలుపెట్టి, ఒక రోజు సభామంటపంలో, సరిగ్గా సింహాసనం పక్కన, చంద్రకాంత శిలను పగలగొట్టుకుని తేలాయి. ఎవడైనా అయితే కోట పునాది ఏమైందోనని హడలిపోతాడు. రాజుగారు ఆ కంత అంచుకు బంగారు రేకు తొడిగించారు.

ఇక సింగన్న సంగతి. కోట కింద చిన్న తమలపాకుతోట వేసుకుని బతికే మనిషి. భార్య కానుపులోనే పోయింది. ఉయ్యాలలో ఉన్న కూతురే వాడికి లోకం. మొన్న పొద్దున ఒక హంసగారు వాడి ఇంటిగోడ కింద తవ్వుకుంటూ వచ్చారు. గోడ ఉయ్యాల మీదికి ఒరిగింది. సింగన్న ఒక భుజాన్ని గోడకు ఆనించి, అందుబాటులో ఉన్న గడ్డపార తీసి ఒక్కటి వేశాడు. గడ్డపారకు బిరుదులు తెలియవు. హంసగారు చచ్చారు, పిల్ల బతికింది. మధ్యాహ్నానికి భటులు వచ్చి సింగన్నను రెక్కలు విరిచి కట్టి తీసుకుపోయారు. మర్నాడు సభలో వాడెంత మొత్తుకున్నా ఎవరి చెవినీ పడలేదు. రాజబంధువును చంపినవాడికి స్వర్ణశృంగంలో ఒకటే శిక్ష. చచ్చిన బంధువుతో పాటు, ప్రాణంతో, గోతిలో పూడ్చేస్తారు. ముహూర్తం ఈ రోజు పొద్దు గుంకేవేళకు పెట్టారు.

గుర్రం దిగిన ఆ వింత మనిషి ఎవరో ఇప్పుడు చెబుతాను. వల్లికాపురపు యువరాజు అరిందముడు. పినతండ్రి గద్దె కాజేసి తరిమితే, డొక్కలో బాణంతో అడవిదారిలో పడి ఉన్నవాణ్ణి సింగన్న మోసుకొచ్చి, తమలపాకు పందిళ్ళ మధ్య దాచి, పసరు కట్టి బతికించాడు. అలాంటి సింగన్నను పూడ్చేస్తుంటే అరిందముడు చూస్తూ ఊరుకుంటాడా! కత్తితో కోట మీద పడితే పిల్లకు తండ్రి దక్కడు, తనూ దక్కడు. అందుకని పిల్లను పొరుగింటి ముసలామె చేతిలో పెట్టి, చీకటి పడేలోగా తండ్రిని తెచ్చి ఇస్తానని మాట ఇచ్చి, వేషం కట్టాడు. ఆ రాజ్యంలో మేనమామ వచ్చి కోరాబట్ట కప్పందే శవం లేవదు. చంపినవాణ్ణి ఏం చెయ్యాలో చెప్పే మొదటి హక్కు కూడా మేనమామదే. సరే, పందికి బంధుత్వం కట్టబెట్టినవాళ్ళు మేనమామను కాదనగలరా?

కాదనలేదు. సభ మధ్య చందనపు పాడె మీద, పట్టు పరుపు వేసి, పెంకుపందిని పడుకోబెట్టారు. రెండు రోజుల ఎండకు అది ఎలా ఉందో, ఏ వాసన వేస్తోందో నేను చెప్పను. సభికులంతా ఉత్తరీయాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దుఃఖం ఆపుకుంటున్నట్టు నటిస్తున్నారు. అరిందముడు లోపలికి వస్తూనే పాడె మీద పడి భోరుమన్నాడు. నా చేతుల మీద పెరిగావు గదరా, నీకు పిల్లనిద్దామనుకున్నాను గదరా అని గుండె బాదుకున్నాడు. నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగిరిపడుతుంటే, చూసేవాళ్ళకు అది వెక్కిళ్ళలా కనిపించింది. వాచస్పతి నిజంగానే ఏడ్చాడు. రాజుగారు గొంతు సవరించుకుని, మీ అక్కగారు ఎలా తట్టుకుంటున్నారు అని పరామర్శించారు. అన్నం ముట్టడం లేదని అరిందముడు చెప్పాడు.

తర్వాత అతను కళ్ళు తుడుచుకుని అసలు కోరిక కోరాడు. దోషిని తనకు అప్పగించాలి. మరుద్వీపం తీసుకెళ్ళి, అక్కయ్య కళ్ళ ముందు, తమ కులాచారం ప్రకారం శిక్షిస్తారు. రాజుగారికి ప్రాణం లేచొచ్చింది. మనిషిని పూడ్చడం చూస్తే ఆయనకు రాత్రి నిద్ర పట్టదు మరి. సరేననడానికి చెయ్యి ఎత్తారు.

అప్పుడు లేచాడు కంకాళుడు. ఒళ్ళంతా బూడిద, నడుముకు నక్కతోలు, జడల్లో గుచ్చిన గుడ్లగూబ ఈకలు, చేతిలో తొడ ఎముకతో చేసిన ఊదుకొమ్ము. వాడు నడిస్తే నేల మీద నీడ ఒక్క క్షణం ఆలస్యంగా కదిలేది. వాడు వచ్చి, అరిందముణ్ణి ఆప్యాయంగా కౌగిలించుకుని, చెవిలో ఇలా అన్నాడు.

"మరుద్వీపంలో మనుషులే ఉండరు, యువరాజా."

వేషం వెనక మనిషిని వాడు పోల్చేశాడని తెలిసి అరిందముడు ఇంకా గట్టిగా వెక్కాడు. కంకాళుడు మాత్రం ఆ ముక్క పైకి అనలేదు. అంటే వాడి బండారమూ బయటపడుతుంది గదా! వచ్చినవాడు మేనమామ కాదని రుజువు చెయ్యాలంటే పందికి మేనమామ ఉండడని ఒప్పుకోవాలి, అది ఒప్పుకుంటే రాజగురువు పదవి ఊడుతుంది. అందుకని వాడు సభ వైపు తిరిగి, తేనె పూసిన గొంతుతో చెప్పాడు.

"మేనమామ మాట శిరోధార్యం. కాని మేనల్లుడికి ఉత్తరక్రియలు చెయ్యడానికి వాళ్ళ రక్తం పంచుకున్న వారసుడు కావాలి. మామగారు స్వయంగా బిలంలోకి దిగి, ఇంకో మేనల్లుణ్ణి వెంటపెట్టుకు రావాలి. పొద్దు గుంకేలోపు రాకపోతే దోషిని మన పద్ధతిలోనే పూడ్చేద్దాం."

శాస్త్రోక్తంగా ఉందని వాచస్పతి తల ఊపాడు. వాచస్పతి ఊపాక మిగతా తలలు ఊగకుండా ఉంటాయా? సభంతా గాలికి జొన్నచేనులా ఊగింది. పడమటి కిటికీలోంచి ఎండ అప్పటికే నేల మీద బారుగా పడుతోంది. అరిందముడు పాగా బిగించి, కోరాబట్ట నడుముకు చుట్టుకుని, బంగారు రేకు తొడిగిన ఆ కంతలోకి తలకిందులుగా దూరాడు.

లోపల చీకటి. ఒకప్పుడు మొసలి నోట్లోంచి తప్పించినందుకు ఒక జలకన్య ఇచ్చిన వెలుగురాయి అతని దగ్గర ఉంది. దాన్ని బయటికి తీస్తే నీలపు వెన్నెల కాసింది. ఆ వెలుగులో కనిపించిన వైభవం ఏమని చెప్పను! పెంకుల రాపిడికి మట్టిగోడలు అద్దాల్లా నునుపెక్కాయి. పైనుంచి చెట్ల వేళ్ళు వెండి దారాల్లా వేలాడుతున్నాయి. సొరంగం లోంచి సొరంగం, దానిలోంచి మరో నాలుగు, ఎక్కడ చూసినా కొలువుకూటాల్లాంటి గదులు. ఒక గది నిండా చెరకు, ఒక గది నిండా నువ్వుండలు, పండక్కి సర్దినట్టు పేర్చి ఉన్నాయి. రైతు నోటి దగ్గరి కూడు అదంతా. కోట కింద కొండ లేదు. కొండ ఆకారంలో ఒక డొల్ల ఉంది, దాని మీద ఇంతమంది వెధవలు పట్టు పరుపుల మీద కూర్చుని ఉన్నారు.

ఒక మలుపు తిరిగేసరికి ఎండుటాకుల పక్క మీద పిల్లల గుంపు కనిపించింది. అరచేతంత ప్రాణులు, పెంకులు ఇంకా గట్టిపడలేదు. అరిందముడు ఒకదాన్ని మెల్లిగా కోరాబట్టలో చుట్టి రొమ్ముకు కట్టుకున్నాడు. అది కుయ్యిమంది. సరిగ్గా అప్పుడు పైన కంకాళుడు ఎముక కొమ్ము ఊదాడు.

ఆ ఊదుడుకు సొరంగాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. అంతవరకు నిద్రలో ఉన్న జంతువులు పూనకం వచ్చినట్టు లేచి, నలువైపుల నుంచీ మీదికి దూసుకొచ్చాయి. అరిందముడు పరిగెత్తాడు. పరిగెత్తడం అంటే మోచేతుల మీద డేకడమే. ఒకటి మడమ కొరికింది. ఒకటి పాగా లాక్కుపోయింది. పక్క సొరంగంలోకి మళ్ళితే అక్కడ పెద్ద తల్లిజంతువు, మెడలో రాజుగారు కట్టిన పాత గంటతో, గునపం గోళ్ళు చాచి ఎదురొచ్చింది. అది తన పిల్ల కోసమే వచ్చిందని అతనికి తెలుసు. పిల్లను వదిలితే సింగన్న పోతాడు. వదల్లేదు. చేతికి దొరికిన వేరు పట్టుకుని ఊగి, దాని వీపు మీదుగా అవతలికి దూకాడు. కాళ్ళ కింద మట్టి జారింది. తల్లిజంతువు బుసలు వెనక దూరమవుతుండగా రాళ్ళతో, బురదతో సహా జారిపోయి, ఎక్కడో ఒక రాతినేల మీద దబ్బున పడ్డాడు.

అది సభామంటపం కిందున్న కోట చెరసాల. ఎదురుగా స్తంభానికి గొలుసులతో సింగన్న వేలాడుతున్నాడు. మొహమంతా దెబ్బలు. వెలుగురాయి కాంతిలో అరిందముణ్ణి గుర్తుపట్టి, ముందుగా అడిగిన మాట ఇది.

"పిల్ల పాలు తాగిందా, బాబూ?"

తాగిందని అరిందముడు చెప్పాడు. సింగన్న కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. గొలుసు తెంపడానికి ఆయుధం లేదు, కాని ఆ స్తంభం కింద కూడా హంసలు విహరించాయి. అడుగున మట్టే లేదు. ఇద్దరూ భుజాలు ఆనించి ఒక్క పట్టు పట్టేసరికి రాయి ఊగి, ఇనుప కడియం ఊడి చేతికొచ్చింది. చేతులకు గొలుసు అలాగే ఉంది, కాళ్ళకు మాత్రం స్వేచ్ఛ వచ్చింది. ఇక బయటికి దారి వెతకాలి అనుకుంటుండగా పైన భేరీలు మోగాయి. కప్పులోంచి మట్టి జలజలా రాలింది.

ఆ భేరీలు ఎందుకో చెబితే మీరు నన్ను తిడతారు. బిలంలోకి దిగిన మామగారు మేనల్లుడితో పైకి వచ్చేవేళకు ఘనంగా ఉండాలని రాజుగారికి తోచింది. పాడెను మొయ్యడానికి పట్టపుటేనుగును సభామంటపంలోకి తోలుకు రమ్మన్నారు. ఆ ఏనుగు గడప దగ్గర ఆగింది. తొండంతో నేలను తట్టి చూసింది. మరోచోట తట్టింది. తల అడ్డంగా ఊపి, వెనక్కి రెండడుగులు వేసింది. ఆ సభలో ఆ రోజు ఆలోచన చేసిన ప్రాణి అదొక్కటే. మావటివాడు కూడా ప్రభూ, నేల బోలుగా ఉందని ఏనుగు చెబుతోంది అన్నాడు. రాజబంధువుల ఇంటికప్పును బోలు అంటావా అని వాచస్పతి వాడి మీద విరుచుకుపడ్డాడు. పాపం మావటి, అంకుశం పొడిచాడు. ఏనుగు ఒక్క పాదం, ముందరి ఎడమ పాదం, వెయ్యలేక వెయ్యలేక చంద్రకాంత శిల మీద వేసి, చప్పున తీసేసింది.

ఆ ఒక్క పాదానికే నేల ఫెళ్ళున విరిగింది. పాడె పోయింది. బంగారు రేకు పోయింది. సింహాసనం ముందుకు ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, రాజుగారితో సహా పాతాళానికి బయలుదేరింది.

చెరసాలలో అరిందముడూ సింగన్నా గోడకు అతుక్కుపోయారు కాబట్టి బతికారు. దుమ్ము తగ్గాక చూస్తే మట్టికుప్ప మీద, దిళ్ళ మధ్య, కిరీటం ఒక చెవి మీదికి జారి, చేతిలో రాజదండంతో మహోద్దండవర్మ కూర్చుని ఉన్నారు. ఒంటి మీద గీత పడలేదు. నోట్లో మాత్రం మట్టి. ఉమ్మేసి, తాడు వెయ్యండని అరిచారు. పైన విరిగిన అంచు చుట్టూ సభికుల తలకాయలు వరసగా కనిపించాయి. తాడు ఎవరూ వెయ్యలేదు. రాజుగారు పడ్డారని ఒప్పుకుంటేనే గదా తాడు వెయ్యడం! రాజుగారు పడలేదు, బంధువుల ఇంటికి వేంచేశారు అని వాచస్పతి ప్రకటించాడు. తమంతట తాము వస్తామనేదాకా రాజుగారిని బంధువుల ఇంటినుంచి పైకి లాగడం అమర్యాద అవుతుందట. ఛీ, ఇలాంటి మంత్రిని కన్న తల్లి ఏం పాపం చేసిందో.

ఆ మాట పూర్తికాకుండానే గోడలోని కంత పగిలి తల్లిజంతువు బయటపడింది. దాని పిల్ల అరిందముడి రొమ్మున కుయ్యిమంటోంది. గుడ్డిది గనక, మధ్యలో ఎవరు అడ్డం ఉంటే వాళ్ళే శత్రువు దానికి. అడ్డం ఉన్నది రాజుగారు. ఒక్క దూకుతో మీదపడి, జరీ పంచె పట్టి గుంజి, పిక్క కరిచింది. రాజుగారి అరుపుకు బురుజుల మీద పావురాలు లేచాయట.

అరిందముడు కట్టు విప్పి పిల్లను వదిలేద్దామని చూశాడు, కాని ముడి బిగుసుకుపోయింది. రాజుగారి కళ్ళు సింగన్న మీద పడ్డాయి. గొలుసు చుట్టిన ఆ బండచేతుల మీద పడ్డాయి.

"చంపరా! దాన్ని చంపు!"

సింగన్న గొలుసు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఒకదాన్ని చంపినందుకే నన్ను పూడుస్తున్నారు, మహాప్రభూ. ఇంటి దగ్గర నాకు పిల్ల ఉంది. రెండోదాన్ని నేను చంపను."

పాతకక్ష పెట్టుకుని అన్న మాట కాదది. భయపడి అన్నాడు. రాజుగారు పైకి చూశారు. పైన ఎవడూ కన్నార్పలేదు. జంతువు పిక్క వదిలి తొడ పట్టింది. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక తమ చేత్తో చీమను కూడా నలిపి ఎరగని మహోద్దండవర్మ, రాజదండం రెండు చేతులా పైకెత్తి, కళ్ళు మూసుకుని, దాని తల మీద వేశారు. మళ్ళీ వేశారు. అది కదలడం మానేశాక కూడా వేస్తూనే ఉన్నారు. మెడలోని వెండిగంట సొట్టలు పోయింది. ఎప్పుడో తమ చేత్తో కట్టిన గంటే.

ముడి ఊడి పిల్ల కిందికి జారింది. అది పాకుతూ వెళ్ళి, చల్లబడుతున్న తల్లి పొట్ట దగ్గర ముక్కు పెట్టి వెతుక్కుంది. సింగన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పైన అంచు మీద కంకాళుడు వంగి చూశాడు. వాడు ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ ఘడియ కోసమే. ఎంతమంది చూస్తుండగా, ఎంత ఉత్తపుణ్యాన దొరికింది! పొద్దు ఇంకా గుంకలేదు, అయినా వాడు ఆగలేదు. గొంతులో బాధ ఒలికిస్తూ, మంత్రిగారూ, రాజబంధువును చంపినవాడికి శిక్ష ఏమిటి అని అడిగాడు.

వాచస్పతి పెదవులు తడుపుకున్నాడు. రాజుగారి వైపు చూశాడు, కంకాళుడి వైపు చూశాడు, ఎవరు కింద ఉన్నారో ఎవరు పైన ఉన్నారో లెక్క వేసుకున్నాడు. అంత తొందరగా లెక్క తేల్చడం వాడి జన్మలో అదే మొదటిసారి. పూడ్చిపెట్టడమే, గురుదేవా అన్నాడు. రాజు దోషి అయితే వారసుడు తేలేదాకా గద్దె ఎవరిదని రెండో ప్రశ్న పడింది. రాజగురువుదే గురుదేవా అని ఈసారి అడక్కముందే నడుం కూడా వంచాడు. మిగతా సభికులు ఎలాగూ తలలు ఊపడానికే పుట్టారు.

కంకాళుడు జడల్లోంచి పిడికెడు బూడిద తీసి, ఏదో గొణిగి, గుంత మీదికి విసిరాడు. బూడిద గాలిలోనే ఇసుక అయింది. మరుద్వీపపు ఎర్ర ఇసుక. జల్లులా మొదలై, ధారలై, నాలుగు వైపుల నుంచీ హోరుమని కురిసింది. తల్లిజంతువు కప్పబడిపోయింది. పాడె కప్పబడిపోయింది. సింహాసనం చేతులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. సింగన్న ఒంగి, పిల్లను ఇసుకలోంచి తీసి పక్కకు వేశాడు. అది గోడ వెంట గబగబా పాకి, పైన కనిపించిన చిన్న కంతలోకి దూరి మాయమైంది. అరిందముడు జారిన దారీ, తల్లి వచ్చిన కంతా అప్పటికే పూడిపోయాయి, బయటికి దారి ఉందంటే ఇక అదొక్కటే ఉంది. అరిందముడు గోళ్ళతో దాన్ని వెడల్పు చెయ్యడం మొదలుపెట్టాడు.

రాజుగారు మోకాళ్ళ లోతు ఇసుకలో నిలబడి పైకి అరుస్తున్నారు. ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి పిలుస్తున్నారు. తమ ఉప్పు తిన్నవాళ్ళు, తమ పక్కన కూర్చున్నవాళ్ళు, తమ దగ్గుకు కూడా భేష్ అన్నవాళ్ళు. ఒక్క తలకాయ కూడా పలకలేదు. కొన్ని అంచు మీదనుంచి మెల్లిగా వెనక్కి తప్పుకున్నాయి. ఇసుక నడుందాకా వచ్చింది. అప్పుడు ఆయన కింద ఉన్న ఇద్దరి వైపు తిరిగారు. కన్నీళ్ళకు మట్టి తడిసి చారలు కట్టింది.

"నేనెందుకు చావాలి? అది వట్టి జంతువు! నా ప్రాణం మీదికి వస్తే కొట్టాను!"

సింగన్న గొలుసు చుట్టుకున్న చేతులతో కంత అంచు పట్టుకుని, వెనక్కి తిరిగి చూశాడు.

"నిన్న సభలో నేను చెప్పుకున్నదీ ఆ మాటే, మహాప్రభూ."

ఇసుక రొమ్ములదాకా వచ్చింది. అరిందముడు వెలుగురాయిని పళ్ళ మధ్య కరుచుకుని ముందుగా దూరాడు. సింగన్న రాజుగారి చంకలో చెయ్యి వేసి పైకి లాగి, మెడ పట్టి వంచి, కంతలోకి తోశాడు. కిరీటం అడ్డం పడింది. రాజుగారు దాన్ని తామే తీసి ఇసుకలో పారేసి, మోచేతుల మీద పాకడం మొదలుపెట్టారు.